కొద్దిమంది కాచిన తావులు

ఉగాదినాడు పంచాంగ శ్రవణం జరిగేటప్పుడు ప్రతివారూ తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని చెవులు రిక్కించి వింటారు. పుట్టిన గడ్డ విడిచి ఎన్ని తరాలు గడిచినా, ఇరుగుపొరుగువారి భాష నోట పట్టుబడినా, ఈ ఒక్క అలవాటు మనవారు విడువలేదు. ఈ సంవత్సరపు సంచికకు చరిత్ర విషయమొకటి వ్రాయమని సంఘంవారు కోరినప్పుడు ఈ నాలుగు మాటలే మాకు జ్ఞాపకం వచ్చాయి. కొద్దిమంది సిపాయిలు ఒక తావును కాచిన సందర్భాలు మన దేశ చరిత్రలో కొన్ని ఉన్నాయి. అక్కడ ఏమి వ్యయమైంది, దానివల్ల ఏమి ఆదాయం వచ్చింది, ఆ వ్యయాన్ని ఖర్చు పెట్టిన నాయకుడు లెక్క ఎట్లా నడిపాడు అనేది పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వీరగాథలు మనకు కొత్త కావు. 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథగా విని పెరిగిన ఇళ్ళు మనవి. రంగారావు తెగువా, తాండ్ర పాపారాయుని పగా చెప్పమంటే మన పెద్దవాళ్ళు ఇప్పటికీ తడుముకోకుండా చెబుతారు. అయితే కథకుడు వీరుడు నేలకొరిగిన తీరు వర్ణించినంత విస్తారంగా, అంతకుముందు అతడు ఏ మనిషిని ఏ మూల నిలబెట్టాడో, మందుగుండు ఎట్లా పంచాడో, ఎవరికి కబురు పంపాడో చెప్పడు. చావు కంటికి కనిపిస్తుంది. ఏర్పాటు కనిపించదు. కొద్దిమందితో ఒక చోటును నిలబెట్టుకునే నాయకుని గొప్పతనమంతా ఆ కనిపించని ఏర్పాటులోనే ఉన్నదని మా అభిప్రాయం.

కాపుదళం నాయకుని పని

సైన్యంలో అన్నిటికంటె చిన్న దళాన్ని సెక్షను అంటారు. అందులో ఇంచుమించు పదిమంది ఉంటారు. దాని పెద్ద నాయక్ గాని, హవల్దారు గాని అవుతాడు. మూడు సెక్షన్లు ఒక ప్లటూను, మూడు ప్లటూన్లు ఒక కంపెనీ. కంపెనీ అంటే నూరు, నూట ఇరవైమంది. దానికి మేజరు అధికారి. ఇట్టి కంపెనీలు నాలుగైదు కలిస్తే పటాలం. మనం చెప్పుకోబోయేది పటాలాల సంగతి కాదు. సెక్షనూ, కంపెనీ, అంతే. ప్రతి మనిషి ముఖమూ నాయకునికి తెలిసిన దళాలు ఇవి.

దండెత్తి వచ్చేవానికి కాలమూ, దిక్కూ ఎంచుకునే వీలుంటుంది. కాచేవానికి ఆ వీలు లేదు. అతనికి ఉన్నదల్లా కాళ్ళకింద నేల. కాబట్టి అతని మొదటి పని ఆ నేలను శత్రువు కళ్ళతో చూడడం. తన మోర్చాలో నిలబడి చూస్తే చాలదు; ఎదుటి పల్లంలోకి దిగి, తన తావువైపు పైకి చూడాలి. ఏ వాగు గుండా మనిషి వంగి వస్తే కనిపించడో, ఏ బండరాయి వెనుక పదిమంది దాగగలరో అప్పుడు తెలుస్తుంది. తుపాకిగుండు పారని అట్టి పల్లాలకు వేరే ఏర్పాటు చేయాలి. ఒక మోర్చామీదికి వచ్చినవానిని పక్క మోర్చావారు కొట్టగలిగేటట్లు మనుషులను నిలపాలి. ముందువైపే కాక వెనుకవైపు కూడా చూసుకోవాలి. ఎందుకంటే ముందు దారి మూసుకుపోతే శత్రువు చుట్టు తిరిగి వస్తాడు.

రెండవది తూటాల లెక్క. భయపడ్డవాడు దూరాన నీడ కదిలినా కాలుస్తాడు. తీరా శత్రువు దగ్గరకు వచ్చేసరికి సంచి ఖాళీ. శత్రువు ఎంత దగ్గరకు వచ్చేదాకా ఓపిక పట్టాలో చెప్పి, ఆ ఓపికను నిలబెట్టవలసినవాడు నాయకుడే. మూడవది కబురు. పైవారికి తన స్థితి తెలియకపోతే ఎంత పోరాడినా దాని ఫలం సగమే. నాలుగవది మనుషుల మధ్య కనబడడం. పక్కనున్నవాడు కూలిపోయినప్పుడు మిగిలినవాని కళ్ళు ముందు వెదికేది నాయకునికోసమే.

ఈ నాలుగింటికీ తల్లివంటిది ఇంకొకటి ఉన్నది: తన తావు ఎందుకు కాస్తున్నామో తెలిసి ఉండడం. చిన్న దళం పెద్ద యుద్ధాన్ని గెలవలేదు. అది కొనిపెట్టగలిగింది కాలం మాత్రమే. గంటో, పూటో, ఒక దినమో. ఆ కాలంతో వెనుక ఉన్నవారు ఏమి చేసుకుంటారన్నదే అసలు ఆదాయం. ఈ సంగతి మరచిన నాయకుడు మనుషులను వ్యర్థంగా పోగొట్టుకుంటాడు. తెలిసినవాడు ప్రతి ప్రాణానికీ విలువ రాబడతాడు.

సారాగఢీ: కబురు విలువ

1897 సెప్టెంబరు 12న వాయవ్య సరిహద్దులోని సమానా కొండలమీద జరిగిన పోరు అందరికీ తెలిసిందే. ఆ చోటు నేడు పాకిస్తానులోని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో ఉన్నది. లాక్‌హార్ట్, గులిస్తాన్ అని అక్కడ రెండు కోటలుండేవి. మధ్య కొండ అడ్డం రావడంవల్ల ఒక కోటనుంచి రెండవది కనబడదు. అందుచేత నడుమ ఎత్తైన చోట సారాగఢీ అనే చిన్న రాతి ఠాణా కట్టారు. ఎండను అద్దంమీద పట్టి, ఆ మెరుపులతో ఇటు కబురు అటు, అటు కబురు ఇటు అందించడమే దాని పని. తంతి తీగ లేని చోట అదే తంతి ఆఫీసు అన్నమాట. 36వ సిక్కు పటాలానికి చెందిన 21 మంది సిపాయిలు, హవల్దారు ఈశర్ సింగ్ నాయకత్వాన అందులో ఉన్నారు.

ఆనాడు వేలకొద్దీ ఆఫ్రీదీ, ఓరక్‌జాయీ తెగలవారు ఆ ఠాణాను చుట్టుముట్టారు. గుర్ముఖ్ సింగ్ అనే సంకేతకుడు ఏమి జరుగుతున్నదీ ఎప్పటికప్పుడు లాక్‌హార్ట్ కోటలోని కర్నల్ హాటన్‌కు మెరుపులద్వారా తెలుపుతూనే ఉన్నాడు. సాయం పంపడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. చివరకు సంకేతం ఆపి తుపాకి పట్టడానికి అనుమతి కోరి, అది అందిన తరువాత అద్దం సర్దిపెట్టి, అతడూ పోరాడి మరణించాడు. 21 మందిలో ఒక్కరూ మిగలలేదు. మధ్యాహ్నం దాటేదాకా శత్రువు అక్కడే చిక్కుపడ్డాడు. గులిస్తాన్ కోట తట్టుకుని నిలబడింది. దానికి సాయం చేరింది.

ఆ సిపాయిలు తెల్లవారి కొలువులో ఉన్నారు. ఎదుటివారు తమ కొండలకోసం వచ్చినవారు. న్యాయం ఎటువైపు ఉన్నదనేది వేరే విచారణ. అందులో ఆ 21 మంది ప్రమేయం లేదు. అయితే ఒక్కటి గమనించాలి. ఆ ఠాణా వారిలో ఒక్కరూ బతకకపోయినా వారి పోరాటపు వివరం లోకానికి తెలిసిందంటే, చివరి ఘడియదాకా కబురు ఆగకపోవడంవల్లనే. ఠాణా ఏ పనికోసం ఏర్పడిందో ఆ పనిని అది చివరిదాకా చేసింది.

బడ్గాం: ఆరు గంటల ఖరీదు

స్వాతంత్ర్యం వచ్చిన రెండు నెలలకే కాశ్మీరంలోకి దాడిదారులు చొరబడ్డారు. 1947 అక్టోబరు 27నుంచి మన సైన్యం విమానాలలో శ్రీనగరం చేరసాగింది. సైన్యాన్ని త్వరగా చేర్చడానికి ఉన్న మార్గం ఆ విమానాశ్రయమొక్కటే. అది పోతే లోయ మొత్తం పోయినట్లే.

నవంబరు 3న దాడిదారుల జాడ తీయడానికి కొన్ని కంపెనీలను విమానాశ్రయానికి కొద్ది మైళ్ళ దూరాన ఉన్న బడ్గాం గ్రామంవైపు పంపారు. జాడ కనిపించకపోవడంతో మధ్యాహ్నానికి మిగిలినవారిని వెనక్కు రప్పించారు. నాలుగవ కుమావోన్ పటాలంలోని డి కంపెనీని మాత్రం సాయంత్రందాకా అక్కడే ఉండమన్నారు. దాని నాయకుడు మేజరు సోమనాథ్ శర్మ. వయస్సు 24 సంవత్సరాలు. హాకీ ఆటలో విరిగిన ఎడమచేతికి పట్టీ వేసి ఉన్నది. ఆ కారణం చూపి వెనుక ఉండిపోవచ్చు. అయినా తన కంపెనీ వెంట తానూ పోవాలని పట్టుబట్టి బయలుదేరినవాడు.

మధ్యాహ్నం తిరిగాక గుల్మార్గ్ దిక్కునుంచి వచ్చిన దాడిదారులు, ఇంచుమించు ఏడువందలమంది, మోర్టార్లతో సహా విరుచుకుపడ్డారు. ఒకరికి ఏడుగురు. మూడువైపులనుంచి గుండ్ల వాన. తాము కదిలితే శ్రీనగరానికీ, విమానాశ్రయానికీ దారి తెరచినట్లేనని శర్మ వెంటనే గ్రహించాడు. ఇక ఆయన చేసిన పనులు చూడండి. చాటు లేని బయలుమీదుగా పరుగెడుతూ ఒక మోర్చానుంచి మరొక మోర్చాకు తిరిగి మనుషులను కూడగట్టాడు. మన విమానాలకు గురి తెలియడానికి గుండ్ల మధ్యనే నేలమీద గుడ్డ పట్టీలు పరిచాడు. ఎక్కువమంది పడిపోయి తుపాకులకు తూటాలందించేవారు కరువైనప్పుడు, విరిగిన చేత్తోనే తూటాల పెట్టెలు నింపి లైట్ మెషిన్‌గన్నులవారికి అందించసాగాడు. శత్రువు యాభై గజాలలో ఉన్నాడనీ, తాము ఒక్క అంగుళం కూడా వెనక్కు పోమనీ, ఆఖరి మనిషి, ఆఖరి తూటావరకు పోరాడతామనీ బ్రిగేడుకు కబురు చేశాడు. కొద్దిసేపటికి ఒక మోర్టారు బాంబు వచ్చి తూటాల కుప్పమీద పడింది. శర్మ అక్కడికక్కడే మరణించాడు.

నాయకుడు పోయాక కూడా కంపెనీ నిలిచింది. మా దృష్టిలో ఇదే ఆయన నాయకత్వానికి అసలైన సాక్ష్యం. నాయకుడు తానొక్కడే పోరాడి ఉంటే, అతనితోపాటే పోరూ ముగిసేది. మొత్తం ఆరు గంటలసేపు శత్రువు అక్కడే నిలిచిపోయాడు. ఈలోగా విమానాశ్రయానికి కావలసిన బలగం చేరింది. మన పక్షాన శర్మతో కలిపి ఇరవైమందికి పైగా చనిపోయారు. వ్యయం అది. ఆదాయం శ్రీనగరం. 1950లో పరమవీరచక్రం ఏర్పడినప్పుడు మొట్టమొదట ప్రకటించబడిన పేరు సోమనాథ్ శర్మదే.

తైన్‌ధార్: తొమ్మిదిమంది సంసారం

బడ్గాంలో ఒక కంపెనీ ఉన్నది. మూడు నెలల తరువాత, 1948 ఫిబ్రవరి 6న, నౌషేరా సమీపంలోని తైన్‌ధార్ కొండమీద జరిగిన దానిలో ఉన్నది ఒక్క సెక్షను. మొదటి రాజపుత్ర పటాలానికి చెందిన తొమ్మిదిమంది, రెండవ నంబరు పికెట్టులో ముందు మోర్చా కాస్తున్నారు. వారి పెద్ద నాయక్ జదునాథ్ సింగ్. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్ జిల్లా పల్లెటూరివాడు. మేజర్లూ, కర్నళ్ళూ కాదు, నాయక్. మన కచేరీలతో పోల్చి చెప్పాలంటే చిన్న గుమాస్తా అంతటివాడు. నౌషేరాను కాపాడుతున్న బ్రిగేడుకు అధిపతి బ్రిగేడియరు మహమ్మద్ ఉస్మాన్. తెల్లవారుజామున శత్రువు అలలు అలలుగా వచ్చిపడ్డాడు.

మొదటి అలను జదునాథ్ తన కొద్దిమందినే నేర్పుగా వాడి వెనక్కు కొట్టాడు. నలుగురు గాయపడ్డారు. ఇక్కడ చాలామంది గుర్తించని సంగతి ఒకటున్నది. మొదటి దాడికీ, రెండవ దాడికీ నడుమ దొరికేది కొద్ది నిమిషాలే. గెలిచామన్న సంతోషంలోనో, గాయాల బాధలోనో ఆ నిమిషాలు జారిపోతాయి. జదునాథ్ వాటిని జారనివ్వలేదు. ఎవరు కాల్చగలరు, ఎవరు తూటాలు మాత్రం అందించగలరు, ఏ మూల ఖాళీ అయింది అని చూసుకుని, మిగిలిన శక్తిని తిరిగి సర్దాడు. తొమ్మిదిమంది సంసారంలో ఐదుగురు మిగిలితే ఐదుగురితోనే ఇల్లు చక్కబెట్టడమే ఇది. అతని నిబ్బరం చూసి గాయపడినవారు కూడా మళ్ళీ సిద్ధమయ్యారని ప్రభుత్వంవారి ప్రశంసాపత్రం చెబుతున్నది.

రెండవ అల మొదటిదానికంటె పెద్దది. ఈసారి అందరూ గాయపడ్డారు. జదునాథ్ కుడిచేతికి గాయమైంది. బ్రెన్‌గన్ పట్టినవాడు పడిపోగానే తానే ఆ గన్ను అందుకున్నాడు. శత్రువు పికెట్టు గోడలదాకా వచ్చి కూడా నిలువలేక పారిపోయాడు. మూడవసారి వచ్చేసరికి పోరాడగల స్థితిలో ఉన్నవాడు జదునాథ్ ఒక్కడే. అప్పుడతడు రాతిగోడ చాటున కూర్చోలేదు. స్టెన్‌గన్ తీసుకుని బయటకు ఉరికి, ఎక్కి వస్తున్నవారిమీదికే పోయాడు. లోపల ఇంకా ఎంతమంది ఉన్నారో తెలియని శత్రువు బెదిరి చెదిరిపోయాడు. ఆ దాడిలోనే తలకూ, రొమ్ముకూ తూటాలు తగిలి జదునాథ్ మరణించాడు.

ఆ సమయానికి ఉస్మాన్ పంపిన సాయం వచ్చి అందుకోగలిగింది. పికెట్టు నిలిచింది, నౌషేరా నిలిచింది. ఆ జూలై 3న ఝంగర్‌లో ఉస్మాన్ కూడా వీరమరణం పొందాడు. జదునాథ్ ఆఖరి ఉరుకు పిచ్చి సాహసమని కొందరనవచ్చు. అది సాహసమే గాని పిచ్చి కాదు. చాటు విడవగూడదన్నది కాపువాని సాధారణ ధర్మం. చాటున కాల్చడానికి మనుషులే లేనప్పుడు ఆ చాటుకు విలువ లేదు. మిగిలిన ఒకే ఒక్క ఆయుధం శత్రువు తడబాటు. దానిని అతడు సమయానికి వాడుకున్నాడు.

రెజాంగ్ లా: ముందు అవమానం, తరువాత రాజపూజ్యం

లా అంటే కనుమ. లడఖులో చుశూల్ లోయకు తూర్పున, పదహారువేల అడుగులకు పైబడిన ఎత్తున రెజాంగ్ లా ఉన్నది. 1962 నవంబరులో పదమూడవ కుమావోన్ పటాలంలోని సి కంపెనీ దానిని కాస్తున్నది. నాయకుడు జోధ్‌పూర్ ప్రాంతపు మేజరు శైతాన్ సింగ్. సిపాయిలు దాదాపు అందరూ రేవాడీ, గుడ్‌గాఁవ్, మహేంద్రగఢ్ వైపు అహీరులు. గోధుమ పొలాల మనుషులు, మంచు ఎరగని మైదానంవారు. ఆ చలిలో తవ్వుదామంటే నేల గడ్డకట్టి గునపం దిగదు. శీతాకాలానికి తగిన దుస్తులు సరిగా లేవు. చేతులలో ఉన్నవి ప్రతి గుండుకూ గొళ్ళెం లాగి కాల్చవలసిన పాత 303 రైఫిళ్ళు. అన్నిటికంటె పెద్ద లోటు మరొకటి: నడుమ కొండ శిఖరం అడ్డం రావడంచేత మన ఫిరంగులు ఆ కంపెనీకి తోడు రాలేవు.

ఇట్టి చోట శైతాన్ సింగ్ మూడు ప్లటూన్లను వేర్వేరు ఎత్తులమీద నిలిపి, వెనుక మోర్టార్లతో తన ముఖ్యస్థానం ఏర్పరచుకున్నాడు. శత్రువు ఎక్కి రాగల వాగులను ముందే గుర్తించారు. నవంబరు 18న తెల్లవారకముందు చైనా సైనికులు ఆ వాగుల గుండానే పైకి వచ్చారు. తుపాకి అందుబాటులోకి వచ్చేదాకా మనవారు ఓపిక పట్టారు. తరువాత ఒక్కసారిగా కాల్పులు మొదలయ్యాయి. వాగులు శవాలతో నిండాయి. ఎదురుగా వచ్చి లాభం లేదని తెలిసి శత్రువు ఫిరంగులతో, మోర్టార్లతో మోర్చాలను పిండిచేశాడు. పిమ్మట పక్కలనుంచీ, వెనుకనుంచీ వచ్చిపడ్డాడు.

శైతాన్ సింగ్ ఆ గుండ్లలోనే ఒక ప్లటూనునుంచి మరొక ప్లటూనుకు తిరుగుతూ ఉన్నాడు. ముందు చేతికి గాయమైంది, తరువాత మెషిన్‌గన్ తూటాలు పొట్టలో దిగాయి. మోసుకుపోవడానికి వచ్చినవారిని తనను విడిచి వెళ్ళమన్నాడు. వారు ఆయనను ఒక బండ చాటున ఉంచి వెళ్ళవలసి వచ్చింది. పటాలానికి వెళ్ళి కంపెనీ ఎట్లా పోరాడిందో చెప్పమని మేజరే తనను ఆజ్ఞాపించాడని బతికి వచ్చినవారిలో ఒకరు తరువాత చెప్పారు. ప్రాణం పోయే వేళ కూడా ఆ నాయకునికి కబురు సంగతి జ్ఞాపకమున్నదన్నమాట.

తీరా ఆ కబురు అందాక ఏమైంది? నమ్మలేదు. ఉన్నవారు సుమారు 120 మంది. అందులో 114 మంది పోయారంటే, అంత పెద్ద సేనను అంతసేపు నిలిపారంటే, ఎవరికి నమ్మకం కలుగుతుంది? పారిపోయి వచ్చి కథలల్లుతున్నారని అనుమానించినవారున్నారు. పంచాంగ భాషలో చెప్పాలంటే ఆ బతికినవారికి ఆ సంవత్సరం రాజపూజ్యం సున్న, అవమానం నిండుగా ఉన్నది.

1963 ఫిబ్రవరిలో ఒక గొర్రెల కాపరి ఆ కనుమకు వెళ్ళి చూశాడు. అతడు తెచ్చిన వార్తతో మనవారు పైకి ఎక్కారు. మంచు ఆ నవంబరు ఉదయాన్ని చెదరనీయకుండా దాచి ఉంచింది. సిపాయిలు తమ తమ మోర్చాలలోనే, తుపాకులు చేత పట్టుకునే ఉన్నారు. గాయాలకు కట్టుకట్టే మనిషి చేతిలో సూదీ, కట్టుగుడ్డా అట్లాగే ఉన్నాయి. మోర్టారు దళానికి ఇచ్చిన వెయ్యి బాంబులలో ఏడు తప్ప అన్నీ కాల్చివేశారు; ఆ ఏడూ కాల్చడానికి సిద్ధంగా ఉన్నాయి. మేజరు ఆ బండ చాటుననే ఉన్నాడు.

రైల్వే కచేరీలో లెక్కలు వ్రాసుకునే మావంటివారికి ఆ ఏడు బాంబుల సంగతి గుండెకు తగులుతుంది. బతికివచ్చినవారి నోటిమాట నమ్మనివారు కూడా ఆ నిలువ లెక్కను కాదనలేకపోయారు. సరుకు వచ్చింది వెయ్యి, ఖర్చు 993, నిలువ ఏడు. పారిపోయినవాని చిట్టా అట్లా ఉండదు.

మేజరు భౌతికకాయాన్ని జోధ్‌పూర్ చేర్చి దహనసంస్కారం చేశారు. తక్కినవారికి ఆ కొండలలోనే సైనిక లాంఛనాలతో అగ్నిసంస్కారం జరిగింది. శైతాన్ సింగ్‌కు పరమవీరచక్రం వచ్చింది. చుశూల్ మైదానంలోని స్మారకాన్ని పునర్నిర్మించి 2021 నవంబరు 18న జాతికి అంకితం చేశారు.

లెక్కలో మిగిలిన బాకీ

రెజాంగ్ లా చివరకు శత్రువు చేతికి పోయింది. మూడు రోజుల తరువాత చైనావారు కాల్పులు ఆపుతున్నట్లు ప్రకటించారు. చుశూల్ గ్రామమూ, అక్కడి విమానాల మైదానమూ వారికి చిక్కలేదు. దీనికంతటికీ ఈ ఒక్క కంపెనీయే కారణమని అనడం సరికాదు. సమీపంలోని గురుంగ్ కొండమీద కూడా మనవారు ఘోరంగా పోరాడారు. కాని శత్రువు ప్రతి అడుగుకూ ఖరీదు చెల్లించవలసి వచ్చిందనడంలో సందేహం లేదు.

వీరుల కథ చెప్పుకునేటప్పుడు మనం చేసే పొరపాటు ఒకటున్నది. వారి ధైర్యం ఎంత గొప్పగా వర్ణిస్తామో, అక్కడ ఆ ధైర్యానికే పని పడేటట్లు చేసిన లోటుపాట్లను అంత సులభంగా మరచిపోతాము. చలిదుస్తులు లేకుండా, ఫిరంగుల తోడు లేకుండా నూటిరవైమందిని అంత ఎత్తున నిలిపిన వ్యవస్థకు వారి త్యాగం క్షమాపణపత్రం కాదు. ఆఖరి మనిషి, ఆఖరి తూటా అన్న మాట మోర్చాలో ఉన్నవాడు తనకు తాను చెప్పుకుంటే అది ప్రతిజ్ఞ. వెనుక వెచ్చగా కూర్చున్నవాడు ఇతరులకు చెబితే అది బాధ్యత తప్పించుకోవడం. చిన్న దళం నాయకుడు తన లెక్క సరిగా నడిపాడా అని అడిగే హక్కు మనకుంటే, అతనికి సరుకు సరిగా పంపామా అన్న ప్రశ్న మనమీదా ఉన్నది.

రెండవ బాకీ నమ్మకం. చిన్నవారు పెద్ద పని చేసి వచ్చి చెప్పినప్పుడు, వినేవారికి అది అతిశయోక్తిగా తోస్తుంది. సారాగఢీవారికి అద్దమూ, బడ్గాంవారికి రేడియో సాక్ష్యం పలికాయి. రెజాంగ్ లా వారికి మంచు కరిగేదాకా సాక్ష్యం దొరకలేదు. ఆ మూడు నెలలు బతికివచ్చినవారు పడిన బాధను ఏ పతకమూ తీర్చజాలదు. ఎదుటివాని మాట కొట్టివేసేముందు కొండ ఎక్కి చూసివద్దామన్న బుద్ధి కలిగితే, ఆ కొద్దిమందికి మనం కొంత ఋణం తీర్చుకున్నట్లే.

పరాయి ఊళ్ళలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ కథలలో ఇంకొక సంగతి కూడా కనిపిస్తుంది. శర్మ కాంగ్రా ప్రాంతంవాడు, జదునాథ్ షాజహాన్‌పూర్‌వాడు, శైతాన్ సింగ్ ఎడారి దేశంవాడు. వారు కాచిన కొండలలో ఒక్కటీ వారు పుట్టిన చోటు కాదు. 2020 జూన్ 15న అదే లడఖులోని గల్వాన్ లోయలో ప్రాణాలర్పించిన కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆయన నడిపింది బీహార్ రెజిమెంటు పటాలాన్ని. కాచినన్నాళ్ళూ అది వారి సొంత గడ్డే అయింది. నిలబడిన నేలను తనదిగా చూసుకోవడానికి అక్కడ పుట్టి ఉండనక్కరలేదు.

మన పిల్లలకు ఈ పేర్లు చెప్పండి. చెప్పేటప్పుడు వారు ఎట్లా మరణించారో చెప్పి ఊరుకోవద్దు. సోమనాథ్ శర్మ విరిగిన చేత్తో తూటాల పెట్టెలు నింపిన సంగతి చెప్పండి. జదునాథ్ రెండు దాడుల మధ్య దొరికిన కొద్ది నిమిషాలలో మనుషులను సర్దిన సంగతి చెప్పండి. గుర్ముఖ్ సింగ్ అద్దం సర్దిపెట్టిన తరువాతనే తుపాకి పట్టిన సంగతి చెప్పండి. తుపాకి పట్టే అవసరం వారిలో ఎందరికి వస్తుందో గాని, చేతిలో కొద్దిమందీ, కొద్ది సరుకూ, ఎదుట పెద్ద కష్టమూ ఉన్న రోజు మాత్రం ప్రతివారికీ వస్తుంది. ఆ రోజున ఈ సంగతులు వారికి అక్కరకు వస్తాయి.